ఎస్తేరమ్మ బల్ల మీది నీళ్ళ గ్లాసు

పెనుకొండలో బస్సు దిగి కొండ వైపు నాలుగడుగులు వేస్తే, ఒక కిరాణా కొట్టు మేడ మీద చిన్న గది ఉంది. గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, తిరిగినంత సేపూ మూలిగే ఫ్యాను, కొండ కనిపించే కిటికీ. బల్ల మీద ఎప్పుడూ మూత పెట్టిన స్టీలు గ్లాసు. పద్దెనిమిదేళ్ళుగా ఆ గదిలో భార్యాభర్తలు ఏడుస్తున్నారు. పద్దెనిమిదేళ్ళుగా ఆ గ్లాసు నిండుతోంది, ఖాళీ అవుతోంది.

బయట 'కుటుంబ సలహా కేంద్రం' అని బోర్డు ఉంది గానీ చుట్టుపక్కల ఎవరూ ఆ పేరు వాడరు. "ఎస్తేరమ్మ కాడికి పోదాం పా" అంటారు. ఎస్తేరమ్మకు యాభై ఆరేళ్ళు. సొంతూరు సోమందేపల్లి. అంగన్‌వాడీలో పిల్లలకు పాటలు నేర్పుతూ నేర్పుతూ, ఆ పిల్లల తల్లుల కష్టాలు వినడం మొదలుపెట్టి, అట్లా అట్లా ఈ గదికి చేరింది.

ఆమె పని చేసే తీరు అందరికీ తెలిసిందే. పొద్దున పదింటికి మొగుడూ పెళ్ళాం వస్తారు. ఎస్తేరమ్మ ఆమె మాట కాసేపు, ఆయన మాట కాసేపు వింటుంది. ఆయన్ని కాస్త గట్టిగా, ఆమెను కాస్త మెత్తగా కోప్పడుతుంది. కంట్లో నీళ్ళు కనపడగానే గ్లాసు మూత తీసి అందిస్తుంది. తర్వాత తెల్లకాగితం తీసి షరతులు రాస్తుంది. ఫలానా పని చేయకూడదు, ఫలానా పని మానకూడదు. ఇద్దరూ సంతకం చేస్తారు. మూడు గంటల బస్సుకు ఇద్దరినీ ఒకే సీట్లో కూర్చోబెట్టి పంపిస్తుంది. బస్సు కదిలేదాకా రోడ్డు మీదే నిలబడి ఉంటుంది.

నల్లమాడ నుంచి ఒక జంట అట్లా నాలుగుసార్లు సంతకాలు పెట్టి వెళ్ళింది. ఐదోసారి ఆమె ఒక్కతే వచ్చింది. నాలుగు కాగితాలూ మడిచి తెచ్చింది. బల్ల మీద వరసగా పరిచింది.

"నువ్వు రాసిందంతా ఆయప్ప చేసినాడమ్మా," అంది. "తాగేది మానుకున్యాడు. మా అమ్మోళ్ళింటికి పంపిస్తాండాడు. ఒక్క మాట గూడా తప్పల్యా. అయినా ఆ ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నట్టుండాది. దానికేమన్నా రాసిస్తావా?"

ఎస్తేరమ్మ గ్లాసు మూత తీసింది. నీళ్ళు ఇచ్చింది. ఆమె తాగి, కాగితాలు అక్కడే వదిలి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఎస్తేరమ్మ చాలాసేపు గ్లాసును కడుగుతూనే ఉంది.

ఆ ఏడే కేంద్రం నడిపే సంస్థ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. వచ్చే జూన్ నుంచి శిక్షణ పొందినవాళ్ళే సలహాదారు కుర్చీలో కూర్చోవాలి. హిందూపురంలో ఏడాది కోర్సు ఉంది, రెండు వారాలకొక శనివారం. జంటలతో మాట్లాడేటప్పుడు రికార్డు చేసిన సంభాషణలు మూడు ఇవ్వాలి. మూడింట్లో ఒక్కటైనా టీచరు మెచ్చాలి. మెచ్చకపోతే కుర్చీ ఇంకొకరిది. ఎస్తేరమ్మ ఆ ఉత్తరాన్ని నల్లమాడ కాగితాల పక్కన పెట్టింది. పేరు నమోదు చేయించుకోవడానికి రెండోసారి ఆలోచించలేదు.

*

హిందూపురంలో క్లాసు ఒక బడి మేడ మీద జరిగేది. ఎస్తేరమ్మ గాక పదకొండు మంది. అందరూ ఇరవైల్లో ఉన్నవాళ్ళు, సైకాలజీ చదివినవాళ్ళు. ఎస్తేరమ్మ పక్కన కూర్చునే సాయినాథ్‌కు ఆమె చిన్న కొడుకు వయసు. టీచరు గీతాంజలి బెంగళూరు నుంచి పొద్దున రైలుకు వచ్చేది. పుట్టిల్లు మడకశిర కాబట్టి తెలుగు బాగా మాట్లాడుతుంది.

"కోపం పైన ఉంటుంది," అని ఆమె మొదటిరోజే చెప్పింది. "దాని కింద ఒక భయం ఉంటుంది. 'నేను నీకు అక్కర్లేదా' అనే భయం. అది మాత్రం ఎవరూ చెప్పరు. ఆమె అరుస్తుంది, ఆయన లేచి పోతాడు. ఆయన పోయేకొద్దీ ఆమె ఇంకా అరుస్తుంది. ఎవరు తప్పు అని చూడకండి. ఆ భయం దగ్గర కూర్చోండి. వాళ్ళు ఒకరితో ఒకరు ఆ మాట చెప్పుకునేదాకా కూర్చోండి."

వినడానికి సులువుగానే ఉంది. మధ్యాహ్నం అభ్యాసంలో సాయినాథ్ మొగుడు, ఇంకో అమ్మాయి పెళ్ళాం, ఎస్తేరమ్మ సలహాదారు. నాలుగు నిమిషాల్లో ఎస్తేరమ్మ ఇద్దరికీ రాజీ కుదిర్చి, కాగితం కోసం సంచిలో చెయ్యి పెట్టింది. క్లాసంతా పగలబడి నవ్వింది.

"ఎస్తేరమ్మగారూ," అంది గీతాంజలి నవ్వాపుకుంటూ, "వాళ్ళకు ఏం బాధో మీకు తెలిసిందా?"

"తెలిసేదేముంది మేడమ్, బస్సు టైమైపోతాంటే."

ఇంట్లోనూ అభ్యాసం చేయమన్నారు. ఎస్తేరమ్మ భర్త ఏసుదాసు ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యాడు. హిందూపురం, ధర్మవరం రోడ్డు మీద ముప్పై ఏళ్ళు బస్సు నడిపాడు. గుమ్మంలో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తున్న ఆయన ముందు పీట వేసుకుని కూర్చుంది.

"నీకిప్పుడు లోపల ఎట్లుండాది?"

"యాడ లోపల?"

"మనసులో."

ఏసుదాసు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. చేతిలోని కాయ ఒలవకుండా ఆపి మరీ ఆలోచించాడు.

"ఆకలైతాండాది," అన్నాడు.

"అది కడుపప్పా."

"నాకు రెండూ ఒకే తావుండాయి మే. నువ్వు ఈ కోర్సు కట్టినప్పటి నుంచి సంగటి లేటైతాండాది."

ఏడాదంతా ప్రతి వారం ఆమె అదే అడిగింది. ఆయన ప్రతి వారం అదే చెప్పాడు.

మొదటి రికార్డింగు గీతాంజలి మెచ్చలేదు. అందులో ఎస్తేరమ్మ గొంతు తప్ప ఇంకెవరి గొంతూ సరిగా వినపడలేదు.

*

రెండో రికార్డింగుకు ధర్మవరం జంట దొరికింది.

కుళ్ళాయమ్మకు నలభై దాటాయి. కుడి భుజం కాస్త కిందికి జారినట్టు నడుస్తుంది. రెండు నెలల కిందట మొగుడి ఇల్లు వదిలి పెనుకొండలో అన్న ఇంట్లో ఉంటోంది. కలిసిపోవడానికి రాలేదు. "విడిగా ఉంటానని నాలుగు మాటలు మీ ముందర చెప్పి పోదామని వచ్చినా మేడమ్," అంది. హిందూపురం పక్క బట్టల ఫ్యాక్టరీలో పని చూసుకుంది. అక్కడే హాస్టలు కూడా ఉంది. నెలాఖరు సోమవారం చేరాలి.

ఆమె భర్త తిరుపాల్ పట్టుచీరలు నేస్తాడు. సన్నటి మనిషి. గదిలోకి వచ్చి ఫ్యానును చూస్తూ కూర్చున్నాడు. టీచరు, మా క్లాసులో నేర్చుకునేవాళ్ళు మాత్రమే వింటారు, పేర్లు బయటికి పోవు అని చెబితే రికార్డింగుకు ఇద్దరూ తలూపారు.

హిందూపురంలో చెప్పినట్టే ఎస్తేరమ్మ కుర్చీలు ఎదురెదురుగా వేసింది. మోకాళ్ళ మధ్య రెండడుగుల ఎడం.

"ఆయప్పకు చెప్పండి మేడమ్, నా పెట్టె పంపియ్యమని."

"పెట్టె యాడికీ పోలేదని చెప్పండి మేడమ్. ఆడనే ఉండాది."

"చందనకు ఈ సంగతి చెప్పొద్దనండి. ఆయమ్మికి పరీక్షలుండాయి."

"నేను చెప్పల్యా. ఆమెను గూడా చెప్పొద్దనండి."

ఎస్తేరమ్మ అటు మాట ఇటు, ఇటు మాట అటు ఇచ్చింది. ఇరవై నిమిషాలు గడిచాక క్లాసు గుర్తొచ్చింది. "నాకు గాదు తల్లీ. ఆయప్పకే చెప్పు," అంది.

ఫ్యాను మూలిగింది. కింద కొట్లో ఎవరో శనగపప్పు కొన్నారు, పోయారు. నాలుగు నిమిషాల తర్వాత కుళ్ళాయమ్మ తలొంచుకుని అంది.

"మాకు అలవాటు ల్యా మేడమ్. మా చందన చెప్తాండె."

అప్పుడు తెలిసింది. పెళ్ళైన కొత్తలో అత్త ఎదుట మొగుడితో మాట్లాడటం మర్యాద కాదు. అత్త పోయేనాటికి కూతురు చందనకు మాటలు వచ్చాయి. ఆ పిల్ల నడుమ తిరిగింది. 'నాయనా, అమ్మ అన్నానికి రమ్మంటాంది.' 'అమ్మా, నాయన పట్టు అయిపోయిందంటాండాడు.' మగ్గం మీద ఇద్దరూ జానెడు దూరంలో పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. తిరుపాల్ చీర నడుమ నేస్తే, అంచు రంగు వేరు కాబట్టి కుడిపక్క అంచు దారం చుట్టిన నాడెను కుళ్ళాయమ్మ విసిరేది. పంతొమ్మిదేళ్ళు అట్లా నేశారు. అయినా మాట మాత్రం చందన కాళ్ళ మీదే నడిచింది. పోయిన ఆగస్టులో చందన డిగ్రీకి అనంతపురం హాస్టలుకు వెళ్ళింది. ఇంట్లో మాటలకు కాళ్ళు లేకుండా పోయాయి.

"ఇప్పుడు నా పని గూడా ఆయప్పకు అక్కరల్యా," అంది కుళ్ళాయమ్మ ఎస్తేరమ్మతోనే. "ఒక్కడే రెండు పక్కలా నాడె ఆడించుకునే మిషను తెచ్చి మగ్గానికి బిగించుకున్యాడు. ఒకనాడు పొద్దున పోయి చూస్తే నేను కూచునే తావులో ఇనుము ఉండాది."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎస్తేరమ్మ చెయ్యి గ్లాసు మీదికి పోయింది. మూత తీసి అందించింది. కుళ్ళాయమ్మ తాగింది, కళ్ళు తుడుచుకుంది, ఇంకేమీ అనలేదు. తిరుపాల్ లేచి మెట్లు దిగిపోయాడు.

శనివారం హిందూపురంలో గీతాంజలి సరిగ్గా అక్కడ రికార్డింగు ఆపింది.

"ఈ టక్కుమన్న శబ్దం ఏమిటి?"

"గ్లాసు మూత మేడమ్."

"ఎందుకు తీశారు?"

"ఏడుస్తాంది గదా."

"ఆమె ఏడుపు ఎవరికి కష్టంగా ఉంది?"

సాయినాథ్ పెన్ను కొరుకుతూ నేల చూశాడు.

"నీళ్ళు ఇస్తే నోరు మూసుకుంటుంది ఎస్తేరమ్మగారూ. ఏడ్చే పిల్లల నోట్లో ప్రేమతోనే ముద్ద పెడతాం, ఏడుపు ఆగుతుంది కదా అని. కానీ ఆమె ఏదో చెప్పబోయింది. రెండోది, వాళ్ళ మాట మీరు మోస్తున్నారు. చందన హాస్టలు నుంచి తిరిగొచ్చినట్టుంది."

క్లాసు నవ్వింది. ఎస్తేరమ్మ కూడా నవ్వింది. తర్వాత నవ్వు ముఖం మీద ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు ఉండిపోయింది.

"ఒక్కటి అడుగుతా మేడమ్. ఎదురెదురుగా కూచోబెట్టమంటిరి. ఆ ఇద్దరూ ఎదురెదురుగా కూచున్నది పెండ్లిలో ఒక్కసారే. ఆ పొద్దు గూడా నడుమ తెర ఉన్నె."

గీతాంజలి ఈసారి నవ్వలేదు. నోటుపుస్తకంలో ఏదో రాసుకుంది. "నాకు తెలియదు," అంది. "మీ జంట, మీ గది. మీకు తోచినట్టు చేసి చూడండి. మూడోది ఆఖరిది."

*

ఇద్దరి అనుమతీ అడిగి ఎస్తేరమ్మ ధర్మవరం వెళ్ళింది. తిరుపాల్ ఇంట్లో ముందుగది అంతా మగ్గమే. గుంటలో కాళ్ళు పెట్టుకుని ఆయన కూర్చునే చోటు అరిగి నున్నగా ఉంది. మగ్గం మీద వంకాయ రంగు చీర సగం అయి ఉంది. కుడిపక్క ఇనుప పరికరం కొత్తగా మెరుస్తోంది. దాని వెనక గోడకు ఒక చెక్క పలక ఆనించి ఉంది. పలక మీద పాతచీర నాలుగు మడతలు పెట్టి, మడతలు జారకుండా దారంతో కుట్టి ఉంది. దాని మీద దుమ్ము లేదు.

ఎస్తేరమ్మ చూపు అక్కడ ఆగడం తిరుపాల్ చూశాడు.

"ఆయమ్మి కూచునే పలక," అన్నాడు.

"ఊ."

"భుజం వాచినాది మేడమ్ ఆమెకు. పోయిన చలికాలం. నాడె ఇసిరి ఇసిరి. చెప్పదు. అడిగేకి నాకు..." చెయ్యి గాలిలో అటూ ఇటూ తిప్పాడు. "అందుకే మిషను తెస్తి. ఆయమ్మి రెస్టు తీసుకుంటాదని."

"ఆమెకు చెప్పినావా?"

"చూస్తే తెలీదా?"

"చందనకన్నా చెప్పినావా?"

"ఫోన్లో చెప్పే మాటా అది?"

ఎస్తేరమ్మ గుండెలో ఏదో దీపం వెలిగించినట్టయింది. ఇంతే! ఇంతకూ ఇంతే! రెండు గంటల బస్సెక్కి పెనుకొండలో దిగి, కుళ్ళాయమ్మ అన్న ఇంటికి పోయి ఒక్క మాట చెబితే చాలు. సాయంత్రం బస్సుకు ఆమె ధర్మవరంలో ఉంటుంది. పద్దెనిమిదేళ్ళలో ఇంత సులువైన రాజీ తగల్లేదు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. చెనక్కాయ కోసేసిన ఎర్రమట్టి చేలు వెనక్కి పోతున్నాయి. ఆ మాట ఆమె నోట్లో వేడి బొగ్గులా ఉంది. పెనుకొండ దగ్గర పడుతుండగా ఫోను మోగింది. కుళ్ళాయమ్మ.

"మేడమ్, పోయొస్తిరా? ఆయప్ప ఏమన్నా అన్నాడా?"

గొంతులో ఆ ఆత్రం విని ఎస్తేరమ్మ కళ్ళు మూసుకుంది. విడిపోవాలనుకున్న మనిషి గొంతు కాదది. ఇప్పుడు చెబితే ఆ గొంతు ఎంత సంతోషపడుతుందో ఆమెకు తెలుసు. అయితే రేపు ఇంకో మాటకు మళ్ళీ ఎవరు నడవాలి? ఎల్లుండి ఇంకో మాటకు? నల్లమాడ కాగితాలు నాలుగూ వరసగా కళ్ళముందు పరుచుకున్నాయి.

"శుక్రవారం వస్తాడు తల్లీ," అంది. "ఆయప్పే చెప్తాడు."

"చెప్తే చెప్పె, లేకుంటే ల్యా మేడమ్. సోమవారం నేను ఫ్యాక్టరీకి పోతాండా," అని అటువైపు ఫోను పెట్టేసింది.

ఆయన చెప్పకపోతే? ఒక్క మాట దాచి ఆ సంసారాన్ని తానే చెరిపినదవుతుంది. కుర్చీ పోతే పోయింది, ఆ పాపం ఎక్కడ పెట్టుకోవాలి? ఆ రెండు రోజులూ ఎస్తేరమ్మకు అన్నం సయించలేదు. ఏసుదాసు అడగలేదు. గదిలో విన్న మాట ఇంట్లో చెప్పదని ఆయనకు తెలుసు. తినకుండా కంచంలో వేళ్ళు తిప్పుతున్న ఆమెను చూసి, ఊరికే ఏదో మాట్లాడాలని తన బస్సు కబుర్లు తీశాడు.

"బస్సులో ఒకటి చూసినా నేను. ఎదురుగా కూచున్నోళ్ళు ఒకరి మొగం ఒకరు చూసుకోల్యాక నిద్రపోతారు. పక్కపక్కన కూచున్నోళ్ళు ఉంటారే, ముందర రోడ్డు చూస్తా చూస్తా ధర్మవరం వచ్చేతలికి సంసారమంతా చెప్పేస్తారు. అద్దంలో చూస్తాంటి గదా. రోడ్డు ఉండాల ముందర. అప్పుడు మాట వస్తాది."

ఎస్తేరమ్మ ముద్ద చేతిలో పట్టుకుని అట్లే చూసింది.

"ఏందట్ల చూస్తాండావు? ఉప్పు తక్కువా?"

"ల్యా. సరిపోయింది," అని ఆ పూట కడుపు నిండా తింది.

*

శుక్రవారం పదకొండింటికి గదిలో రెండు కుర్చీలు పక్కపక్కన ఉన్నాయి. రెండూ కిటికీ వైపు తిరిగి ఉన్నాయి. నడుమ జానెడు ఎడం. ఎస్తేరమ్మ తన కుర్చీని వెనక్కి, బల్ల పక్కకు జరుపుకుంది. ఫోనును కిటికీ గట్టు మీద పెట్టి రికార్డింగు నొక్కింది.

కుళ్ళాయమ్మ లోపలికి వచ్చి ఆ కుర్చీలను చూసి ఆగిపోయింది. ఎప్పుడో తెలిసిన మనిషిని చూసినట్టు చూసింది. ఎవరూ చెప్పకుండానే వెళ్ళి కుడిపక్క కూర్చుంది. తిరుపాల్ ఎడమపక్క కూర్చున్నాడు.

"ఈ పొద్దు నేనేమీ చెప్పను," అంది ఎస్తేరమ్మ. "కొండను చూస్తా కూచోండి. మాట వస్తే రానీ. రాకుంటే గమ్మునుండండి."

కొండ మీద ఎండ మెల్లగా మెట్టు దిగుతోంది. ఒక గద్ద కోటగోడ మీదుగా గిరికీలు కొట్టి ఎటో పోయింది. కాసేపటికి తిరుపాల్ కుడిచెయ్యి మోకాలి మీద కదలడం ఎస్తేరమ్మ చూసింది. ఆయనకే తెలియకుండా, నాడె విసిరినట్టు. ఒకటి. రెండు. మూడోదానికి కుళ్ళాయమ్మ వేళ్ళు కూడా కదిలాయి, అందుకున్నట్టు. అది చూసుకుని ఆమె పిడికిలి బిగించింది.

"మేడమ్, ఆయప్పకు..." అని మొదలుపెట్టి వెనక్కి తిరిగింది. ఎస్తేరమ్మ పలకలేదు. కుళ్ళాయమ్మ మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. కొండకు చెబుతున్నట్టు అంది.

"నన్నెందుకు లేపితివి?"

తిరుపాల్ ఉలిక్కిపడ్డాడు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆమె మాట నేరుగా తన దగ్గరికే నడిచి వచ్చింది.

"నేనేం తప్పు నేసినా? ఏ పొద్దన్నా నా అంచు వంకర పోయినాదా? లెయ్యమని ఒక్క మాట చెప్పకుండా నా తావులో ఇనుము పెడితివి."

కుళ్ళాయమ్మ భుజాలు కదిలాయి. ఏడుపు ముందు గొంతులో, తర్వాత వీపులో కనిపించింది. జవాబు ఎస్తేరమ్మ నాలుక చివరే ఉంది. పంటితో నాలుక పట్టుకుంది. చెయ్యి మాత్రం ఆగలేదు, గ్లాసు మీదికి పోయింది. టక్కున మూత తీసింది. గ్లాసు పట్టుకుని సగం లేచింది కూడా. లేచి, నిలబడి, అట్లే కూర్చుని, ఆ నీళ్ళు గడగడా తానే తాగేసింది.

"జడ ఏసుకోల్యాకపోతివి," అన్నాడు తిరుపాల్.

"ఏంది?"

"చందన ఉన్నప్పుడు నీకు జడ ఏస్తాండె. ఆయమ్మి పోయినంక నువ్వు అద్దం ముందర చెయ్యి ఎత్తేకి చూస్తివి. ఎత్తల్యాక ఎడమచేత్తో ముడేసుకుంటివి. మగ్గం కాన్నుంచి చూస్తాంటి. నాలుగు దినాలు చూస్తి."

"చూసి?"

"మిషను తెస్తి."

కుళ్ళాయమ్మ ఏడుపు మధ్యలో ఆగింది.

"చెప్పొచ్చు గదా."

"చెప్పేకి చందన ల్యాకపాయె."

ఆమె గొంతులో ఒక శబ్దం వచ్చింది. నవ్వో ఏడుపో ఎస్తేరమ్మకు అర్థం కాలేదు. పమిట అంచుతో ముఖం తుడుచుకుంది.

"నేనేమనుకుంటానో ఒక్కసారన్నా తలిస్తివా? ఆయమ్మి పాయె. నా పని పాయె. ఇంగ ఆ ఇంట్లో నేను యాడ కూచోవాల? వంటింట్లోనా? నీకు కనపడకుండానా? పొమ్మంటాండావనుకుంటి."

"నేనా?" తిరుపాల్ మొదటిసారి తల తిప్పి ఆమెను చూశాడు. చూసి మళ్ళీ కొండ వైపు తిరిగాడు. "పలక తీయల్యా. ఆడనే ఉండాది. ఆ పక్కకు చూసి చూసి మెడ పట్టేసె."

"మిషనుండాది గదా పక్కన."

"అది గమ్మునుంటాది. నువ్వు గూడా గమ్మునే ఉంటాంటివి గానీ," మాట కోసం వెతుక్కున్నాడు, "అది వేరే."

ఇద్దరూ కొండను చూస్తున్నారు. కింద కొట్లో బెల్లం తూకానికి పెట్టిన చప్పుడైంది.

"భుజం నొప్పుండాది నిజమే," అంది కుళ్ళాయమ్మ చాలాసేపటికి. "ఇంగ నేయల్యాను."

"నేయకుంటే నేయకుంటివి. కూచో."

ఆమె ఆ రెండు మాటలూ చేతిలోకి తీసుకుని బరువు చూస్తున్నట్టు అట్లే ఉండిపోయింది. ఎస్తేరమ్మ పాత ప్రాణం సొరుగులోని తెల్లకాగితం మీదికి పోయింది. మూడింటి బస్సు ఉంది, ఈ పొద్దే ఇద్దరూ పోండి అని చెప్పాలని ఒళ్ళంతా కొట్టుకుంది. ఖాళీ గ్లాసును రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

"ఆదివారం వస్తా," అంది కుళ్ళాయమ్మ లేస్తూ. "చూసి పోయేకి."

"ఊ," అన్నాడు తిరుపాల్.

కాగితం లేదు, సంతకం లేదు. ఆయన బస్టాండు వైపు, ఆమె అన్న ఇంటి వైపు. మెట్ల మీద తిరుపాల్ గొంతు మాత్రం పైకి వినిపించింది. "ఏమ్మే, ఆ చెయ్యి ఊతం పెట్టగాకు. ఈ పక్క పట్టుకో."

*

సోమవారం గడిచింది. మంగళవారం గడిచింది. ఎస్తేరమ్మ ఫోను చేతిలోకి తీసుకోవడం, పెట్టేయడం. బుధవారం మధ్యాహ్నం అదే మోగింది. వెనక మగ్గం శబ్దం ఆగకుండా వస్తోంది.

"యాడుండావు తల్లీ?"

"కూచోనుండా మేడమ్," అంది కుళ్ళాయమ్మ.

అంతే చెప్పింది.

శనివారం హిందూపురంలో మూడో రికార్డింగు పెట్టారు. మొదట్లో అంతా ఫ్యాను మూలుగే. సాయినాథ్ ఎస్తేరమ్మను ఓరగా చూశాడు. పదకొండు మందీ ముందుకు వంగి విన్నారు. టక్కుమని శబ్దం రాగానే గీతాంజలి చెయ్యి ఎత్తి ఆపింది.

"మళ్ళీ మూత."

"అవును మేడమ్."

"తర్వాత గుటకలు వినిపిస్తున్నాయి. తాగిందా ఆమె?"

"ల్యా మేడమ్." ఎస్తేరమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "పోయినసారి అడిగితిరి గదా, ఆయమ్మి ఏడుపు ఎవరికి కష్టమని. నాకే మేడమ్. నేనే తాగినా."

ఎవరూ నవ్వలేదు. గీతాంజలి ఆమెనే చూస్తూ చెయ్యి దించింది. రికార్డింగు సాగింది. 'నేయకుంటే నేయకుంటివి, కూచో' అన్న మాట దగ్గర సాయినాథ్ కళ్ళద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. అంతా అయ్యాక గీతాంజలి ఎస్తేరమ్మ కాగితం తీసి సంతకం చేసింది. "వచ్చే ఏడు కొత్తవాళ్ళకు కుర్చీలు ఎట్లా వెయ్యాలో మీరే వచ్చి చెప్పాలి," అంది. "మీ గదిలో వేసినట్టు గాదు. వాళ్ళ వాళ్ళ జంటలను చూసి ఎట్లా వేసుకోవాలో."

సాయంత్రం సోమందేపల్లిలో బస్సు దిగేసరికి ఏసుదాసు స్టాపులో కూర్చుని ఉన్నాడు. చేతిలో బొరుగుల పొట్లం. పక్కన జరిగి ఆమెకు చోటిచ్చాడు. ముందర హైవే మీద లారీలు పోతున్నాయి. ఇద్దరూ రోడ్డు చూస్తూ కూర్చున్నారు. పాసయ్యావా అని ఆయన అడగలేదు. పొట్లం విప్పి నడుమ పెట్టాడు.

"ఎస్తేరూ."

"ఊ."

"నీకిప్పుడు లోపల ఎట్లుండాది?"

ఏడాదిలో మొదటిసారి ఆ ప్రశ్న ఆమె వైపు వచ్చింది. ఎస్తేరమ్మ నిజంగానే ఆలోచించింది. కళ్ళు చెమర్చాయి. తుడుచుకోలేదు.

"ఆకలైతాండాదప్పా," అంది. పిడికెడు బొరుగులు తీసుకుంది.